జీవిత భాగస్వామి నోటికి అందించే ముద్ద

మొదటి ఖుత్బా

సృష్టినంతటినీ పుట్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆరోగ్యం ఆయన అప్పగించిన అమానతు, వ్యాధి ఆయన పరీక్ష, స్వస్థత ఆయన అనుగ్రహం. ఆయన తప్ప మరో ఆరాధ్యుడు లేడని, మహనీయ ముహమ్మద్ (స) ఆయన దాసుడూ అంతిమ ప్రవక్తా అని సాక్ష్యమిస్తున్నాను. ఆ ప్రవక్తపై, ఆయన కుటుంబంపై, ఆయన సహచరులందరిపై అల్లాహ్ శాంతి శుభాలు కురిపించు గాక!

ప్రియ ధార్మిక సోదరులారా! ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు చేసే హితబోధ ఒక్కటే: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి జీవించండి. భయభక్తులు మస్జిదు గడప దగ్గర ఆగిపోయే గుణం కాదు. మనం ఇంటికి చేరి తలుపు వేసుకున్న తరువాతే దానికి అసలైన పరీక్ష మొదలవుతుంది. అక్కడ మన ప్రవర్తనను చూసేవారు ఇద్దరే: ఒకరు మన జీవిత భాగస్వామి, మరొకరు మన ప్రభువు.

ఈ రోజు నేను ఎంచుకున్న విషయం మింబర్‌పై తరచుగా వినబడేది కాదు. కానీ మన మహల్లాల్లో అది లేని వీధి లేదు. అది నోటి క్యాన్సర్. మన దేశపు పురుషుల్లో అన్ని క్యాన్సర్ల కంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఏటా లక్షకు పైగా కొత్త రోగులు దీని బారిన పడుతున్నారు. స్త్రీలూ దీనికి అతీతులు కారు. వీరిలో చాలామందికి శస్త్రచికిత్స చేస్తారు. అనేకులకు దాని తరువాత రేడియేషన్, అంటే కిరణ చికిత్స, ఇస్తారు. మన పల్లెల్లో దీనినే ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఆ చికిత్స జరిగే ఆరేడు వారాల్లో భర్తకు భార్య, భార్యకు భర్త ఎలా తోడుగా నిలవాలి? ఈ విషయంలో మన ధర్మం ఏమంటున్నది? దీనినే ఈ ఖుత్బాలో మనం ఆలోచిద్దాం.

ప్రేమ, కారుణ్యం

దివ్య ఖుర్ఆన్‌లోని రూమ్ సూరా 21వ ఆయతులో అల్లాహ్ దాంపత్యాన్ని తన సూచనలలో ఒకటిగా పేర్కొన్నాడు. భార్యాభర్తలు ఒకరి వద్ద ఒకరు ప్రశాంతత పొందాలని వారి మధ్య రెండు గుణాలను ఉంచినట్లు తెలియజేశాడు. ఒకటి మవద్దత్, అంటే ప్రేమ. రెండవది రహ్మత్, అంటే కారుణ్యం. రెండింటినీ వేరువేరుగా ఎందుకు ప్రస్తావించాడో ఆలోచించండి. ముఖం కళకళలాడుతూ, మాట తియ్యగా, ఇంట్లో వంట ఘుమఘుమలాడుతూ ఉన్నప్పుడు ప్రేమ ఒక్కటే చాలుతుంది. అదే ముఖం ఒకవైపు కోసి కుట్టబడినప్పుడు, మాట అర్థం కానప్పుడు, నోటి నుంచి దుర్వాసన వస్తున్నప్పుడు, రాత్రంతా మూలుగు వినిపిస్తున్నప్పుడు ఇంటిని నిలబెట్టేది కారుణ్యం. నికాహ్ రోజున మనం ‘ఖుబూల్’ అన్నది ఈ రెండింటికీ.

బఖరా సూరా 187వ ఆయతులో అల్లాహ్ దంపతులను ఒకరికొకరు దుస్తులతో పోల్చాడు. దుస్తులు అందానికి మాత్రమే కాదు, గాయాన్ని కప్పడానికి కూడా. శస్త్రచికిత్స తరువాత అద్దం చూసుకోవడానికి భయపడే మనిషి మొదట చూసేది తన భాగస్వామి కళ్ళలోకే. ఆ కళ్ళు పక్కకు తప్పుకుంటే కలిగే బాధకు ఆసుపత్రిలో మందు లేదు.

హజ్రత్ సఅద్ (రజి) విన్న శుభవార్త

సోదరులారా! బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్న ఒక ఉల్లేఖనం మనలో చాలామందికి తెలుసు. అంతిమ హజ్జ్ సంవత్సరంలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. దైవప్రవక్త (స) ఆయనను పరామర్శించడానికి వెళ్ళారు. తన ఆస్తిలో అధిక భాగం దానం చేసేస్తానని సఅద్ (రజి) అన్నారు. మూడో వంతు చాలు, అదే ఎక్కువని ప్రవక్త (స) వారించారు. ఆ సందర్భంలోనే ఆయన ఒక గొప్ప విషయం తెలియజేశారు. అల్లాహ్ ప్రసన్నత కోరి చేసే ప్రతి ఖర్చుకూ ప్రతిఫలం ఉంది. చివరకు భార్య నోటిలో పెట్టే ముద్దకు కూడా ఉంది.

ఈ మాట ఎక్కడ చెప్పబడిందో గమనించండి. విందులో కాదు, రోగి మంచం పక్కన. పెద్ద పెద్ద దానాల గురించి ఆలోచిస్తున్న మనిషికి ప్రవక్త (స) ఇంట్లోని ఒక్క ముద్దను చూపించారు. నోటి క్యాన్సర్ వచ్చిన ఇంట్లో కష్టం మొదలయ్యేది సరిగ్గా ఆ ముద్ద దగ్గరే. పెట్టడానికి చేయి ఉంటుంది, అన్నం ఉంటుంది, కానీ ఆ నోరు దానిని అందుకోలేదు. అప్పుడు ఆ ముద్ద రూపం మారుతుంది. అది జావ అవుతుంది, పుక్కిలించే నీళ్ళవుతుంది, గొట్టం గుండా పోసే పాలవుతుంది, ఆసుపత్రి వరండాలో పట్టుకున్న చెయ్యి అవుతుంది. అల్లాహ్ వద్ద దాని లెక్క మాత్రం ఆగదు. ఈ రోజు నేను మీకు చెప్పదలచినది ఇదే. మిగిలినదంతా దీనికి వివరణ.

చికిత్స తవక్కుల్‌కు విరుద్ధం కాదు

ఈ వ్యాధి ఇంటికి రాగానే రెండు తప్పుడు మాటలు వినిపిస్తాయి. మొదటిది, ‘ఇది అల్లాహ్ ఆగ్రహం’ అని. ప్రవక్త అయ్యూబ్ (అలై) దీర్ఘకాలం రోగంతో బాధపడ్డారు. ఆయన అల్లాహ్‌కు ప్రియమైన దాసుడు. కాబట్టి రోగిని చూసి దైవశిక్ష అని తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. రెండవది, ‘అల్లాహ్ మీద భారం వేశాం, ఆసుపత్రి ఎందుకు’ అని. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులైన కొందరు అరబ్బులు అడిగినప్పుడు, చేయించుకోండని ప్రవక్త (స) సెలవిచ్చారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ ఔషధాన్ని సృష్టించాడని ఉపదేశించారు. ఒంటెను కట్టివేయడం మన పని. కాపాడడం అల్లాహ్ పని.

కిరణ చికిత్స గురించి భయాలు ఎక్కువ కాబట్టి నాలుగు మాటలు చెబుతాను. ఇది విద్యుత్ షాక్ కాదు. చికిత్స జరిగే నిమిషాల్లో నొప్పి తెలియదు. తల కదలకుండా ఉండడానికి ముఖానికి, మెడకు సరిగ్గా అమరే ప్లాస్టిక్ జాలీ ముసుగును ముందుగానే తయారుచేసి, దానిని బల్లకు బిగిస్తారు. ఆ కొద్ది నిమిషాలు రోగి గదిలో ఒంటరిగా ఉండాలి. సిబ్బంది బయటి నుంచి తెర మీద చూస్తూ ఉంటారు. చాలామందికి ఆ ముసుగే పెద్ద భయం. ఆ సమయంలో పెదవి కదపనక్కర లేకుండా మనసులోనే అల్లాహ్ స్మరణ చేసుకోమని మీ భాగస్వామికి ముందే చెప్పండి. తలుపు బయట నిలబడి మీరూ అదే స్మరణ చేయండి. అప్పుడు మధ్యలో గోడ ఉన్నా ఇద్దరూ ఒకే పనిలో ఉంటారు.

బయటి నుంచి యంత్రంతో ఇచ్చే ఈ కిరణాలు శరీరంలో నిలిచి ఉండవు. ఇంటికి వచ్చిన రోగిని తాకవచ్చు, పక్కన కూర్చోవచ్చు, పిల్లలను ఒడిలో కూర్చోబెట్టవచ్చు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగిగా ఉన్న తల్లిని వేరే గదిలో ఉంచి పిల్లలను దూరం చేయడం అజ్ఞానం. ఆమె హృదయానికి అది అన్యాయం.

స్త్రీలకు చికిత్స చేసేటప్పుడు మెడ భాగం తెరవవలసి వస్తుంది. చెవిపోగులు, ముక్కుపుడక, నల్లపూసల లచ్ఛా, మెడలోని తావీజ్ తీసివేయమంటారు. లచ్ఛా తీస్తే భర్తకు కీడు అని ఏడ్చే అమాయక తల్లులు ఉన్నారు. ఈ నమ్మకానికి ఇస్లాంలో ఎలాంటి ఆధారమూ లేదు. భర్త స్వయంగా తన చేతులతో దానిని తీసి, నవ్వుతూ జేబులో భద్రపరచుకోవాలి. అవసరమైన మేరకు వైద్యుల ముందు శరీర భాగాన్ని తెరవడానికి షరీఅత్ అనుమతి ఉంది. మహిళా సిబ్బంది ఉంటే అడగండి. లేకపోతే ఆ కారణంతో చికిత్సను వాయిదా వేయకండి.

లెక్క తప్పరాదు

సాధారణంగా శస్త్రచికిత్స తరువాత 60 నుంచి 66 గ్రే మోతాదును 30 నుంచి 33 భాగాలుగా విభజించి, వారానికి 5 రోజుల చొప్పున ఆరు, ఆరున్నర వారాల పాటు ఇస్తారు. మొదటి రెండు వారాలు అంతా సవ్యంగానే సాగుతున్నట్లు కనిపిస్తుంది. మూడో వారానికి నోరంతా పొక్కిపోతుంది. రుచి పోతుంది. లాలాజలం మొదట చిక్కబడి, తరువాత ఎండిపోతుంది. మెడ మీది చర్మం నల్లబడి, కొందరికి ఊడివస్తుంది. మింగడం కష్టమై బరువు తగ్గిపోతారు.

చాలా కుటుంబాలు చికిత్సను ఆపేసేది సరిగ్గా ఈ దశలోనే. ‘కరెంటు పడలేదు, రోగం ముదిరింది’ అని బంధువులు అంటారు. ఎవరో పసరు వైద్యం చెబుతారు, మరెవరో ఏదో దర్గాకు తీసుకువెళ్ళమంటారు. సోదరులారా! ఆ పుండ్లు రోగం ముదిరిన గుర్తు కాదు, చికిత్స వలన కలిగేవి. మధ్యలో రోజులు తప్పిపోతే మిగిలి ఉన్న క్యాన్సర్ కణాలు మళ్ళీ పెరగడానికి అవకాశం దొరుకుతుంది. కాబట్టి బాధ భరించరానిదైతే వైద్యుడికి చెప్పి నొప్పి మందు అడగాలే గాని, మీ అంతట మీరు చికిత్స ఆపరాదు.

కామారెడ్డి వైపు గ్రామానికి చెందిన ఒక మేస్త్రీ విషయం చెబుతాను. ఆయన భార్య బీడీలు చుట్టే మనిషి. జర్దా పాన్ అలవాటుతో దవడ లోపల క్యాన్సర్ వచ్చింది. హైదరాబాదులో చికిత్స జరిగేటప్పుడు నాలుగో వారంలో ఆమె ఇక రానని మంచం పట్టుకుని కూర్చున్నది. అత్తగారు, ఆడపడుచులు కూడా వద్దన్నారు. ఆ మేస్త్రీ వాదించలేదు. గోడ మీద బొగ్గుతో, పనిలో ఇటుకల లెక్క రాసుకున్నట్లు, ముప్పై గీతలు గీశాడు. అయిపోయిన పద్దెనిమిదింటిని ఆమె చేతనే కొట్టివేయించాడు. ‘గోడ సగానికి పైగా లేచింది, పన్నెండు వరసలే మిగిలినై, ఇప్పుడు ఆపితే వానకు మొత్తం పడిపోతది’ అన్నాడు. ఆమె లేచి బయలుదేరింది. ప్రతి సాయంత్రం ఒక గీత కొట్టివేస్తూ ముప్పై పూర్తి చేసుకున్నారు. ఆయన పెద్దగా చదువుకున్నవాడు కాడు. కానీ సహనాన్ని మరొకరికి ఎలా బోధించాలో ఆయనకు తెలుసు. అస్ర్ సూరా మనకు నేర్పే గుణాల్లో ఒకరికొకరు సహనాన్ని బోధించుకోవడం కూడా ఉన్నది కదా!

ఒక హెచ్చరిక. చివరి చికిత్స ముగిసిన మరునాడే బాధ తగ్గదు. తరువాతి ఒకటి రెండు వారాలు పుండ్లు మరింత బాధించవచ్చు. రుచి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. నోటి ఎండుదనం కొందరిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. ‘చికిత్స అయిపోయింది కదా, ఇంకా ఏమిటి’ అని విసుక్కోకండి.

ఆ నోటికి సేవ

విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) జీవితంలోని ఒక సంఘటన వినండి. దైవప్రవక్త (స) అంతిమ ఘడియల్లో ఆమె ఒడిలో ఒరిగి ఉన్నారు. ఆమె సోదరుడు చేతిలో మిస్వాక్‌తో లోపలికి వచ్చారు. ప్రవక్త (స) దానివైపు చూశారు. ఆయన కోరికను ఆమె ఆ చూపులోనే గ్రహించారు. మిస్వాక్ తీసుకుని, తన పళ్ళతో నమిలి మెత్తగా చేసి అందించారు. ఆ చివరి రోజున తన లాలాజలం, ఆయన లాలాజలం కలవడాన్ని అల్లాహ్ తనకు చేసిన అనుగ్రహంగా ఆమె జీవితాంతం చెప్పుకున్నారు.

రోగి నోటి శుభ్రత చిన్న పని కాదని ఈ ఉల్లేఖనం మనకు చెబుతున్నది. అడగకముందే గ్రహించడం, గట్టిదానిని మెత్తగా చేసి ఇవ్వడం, దానిని భారంగా కాక అనుగ్రహంగా భావించడం: మూడు పాఠాలు ఇందులో ఉన్నాయి.

చికిత్స మొదలు కాకముందే దంతవైద్యునికి చూపించాలి. పాడైన పళ్ళను ముందుగానే తీయించి, గాయం మానిన తరువాతే కిరణాలు ఇస్తారు. చికిత్స సాగే రోజుల్లో, గోరువెచ్చని నీటిలో వైద్యులు చెప్పిన కొలతలో ఉప్పు, వంటసోడా కలిపి రోజుకు అనేకసార్లు పుక్కిలించాలి. ఆ నీళ్ళు ప్రతిసారీ కాచి, చల్లార్చి, గ్లాసులో పోసి చేతికివ్వడం భాగస్వామి పని. గట్టి మిస్వాక్ పుండును రేపుతుంది కాబట్టి ఆ రోజుల్లో మెత్తని బ్రష్ వాడాలి. సున్నతు పట్ల ఆయనకున్న ప్రేమ అల్లాహ్‌కు తెలుసు. నోరు తెరుచుకోవడానికి వైద్యులు నేర్పిన వ్యాయామాన్ని పక్కన కూర్చుని లెక్కపెడుతూ చేయించండి. లేకపోతే దవడ బిగుసుకుపోతుంది.

ఆహారం విషయంలో, రోగికీ దుఃఖంలో ఉన్నవారికీ హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా ఇవ్వమనేవారు. అది యవల పిండితో కాచే మెత్తని జావ; అది రోగి మనసుకు ఊరటనిస్తుందని ఆమె ప్రవక్త (స) నోట విన్నారు. మన ఇళ్ళలో రాగి జావ, సగ్గుబియ్యం, మెత్తగా చిలికిన పెరుగన్నం, పల్చని పప్పు, పాలు, మెత్తగా ఉడికించిన గుడ్డు ఉన్నాయి. మిరపకారం, చింతపండు, నిమ్మ, ఊరగాయ ఆ నోటికి నిప్పు వంటివి. ఖట్టా లేనిదే ముద్ద దిగని ఇళ్ళు మనవి. ఆ ఆరేడు వారాలు రోగికి వేరుగా వండడం ఎవరికీ భారం కారాదు. బిర్యానీ గిన్నె మూత ఆమె ఎదుట తీయకుండా ఉండడం కూడా ఒక మర్యాదే.

ఎంత చేసినా మింగలేని స్థితి వస్తే ముక్కు గుండా సన్నని గొట్టం వేస్తారు. దానిని చూసి ‘ఇక అయిపోయింది’ అని ఏడవకండి. అది మరణానికి గుర్తు కాదు, చికిత్సను పూర్తి చేయించే సాధనం. తల ఎత్తుగా ఉంచి, నెమ్మదిగా ఆహారం పోసి, చివర నీళ్ళతో గొట్టాన్ని శుభ్రం చేయడం నర్సు వద్ద నేర్చుకోండి. హజ్రత్ సఅద్ (రజి) విన్న ఆ ముద్ద ప్రతిఫలం ఈ గొట్టం గుండా పోసే పాలకు వర్తించదని ఎవరు అనగలరు?

మాట, ఆరాధన

నాలుకకు శస్త్రచికిత్స అయినవారి మాట ఇతరులకు అర్థం కాదు. పదే పదే ‘ఏమిటి? ఏమిటి?’ అంటే వారు మాట్లాడడమే మానేస్తారు. ఒక పలక, ఒక పుస్తకం దగ్గర ఉంచండి. తల ఊపితే సరిపోయే ప్రశ్నలు అడగండి. ప్రవక్త (స) వ్యాధి తీవ్రతలో ఉన్నప్పుడు నోటిలో మందు పోయవద్దని సైగ చేశారు. రోగికి మందు ఇష్టం ఉండదు కదా అనుకుని ఇంటివారు పోశారు. తెప్పరిల్లిన తరువాత, వద్దన్నాను కదా అని ఆయన వారిని ప్రశ్నించారు. రోగి సైగ కూడా మాటే. దానిని కాదని బలవంతం చేయకండి. కారణం కనుక్కోండి, వైద్యునికి చెప్పండి.

పురుషులకు కిరణాలు తగిలిన చోట గడ్డం రాలిపోతుంది. ఆ చర్మం మీద బ్లేడు, అత్తరు, సెంటు వాడరాదు. నలభై ఏళ్ళు గడ్డంతో తిరిగిన మనిషి ఒక వైపు నున్నగా మారిన చెంపతో మస్జిదుకు రావడానికి సిగ్గుపడతాడు. భార్య ఆయనకు ధైర్యం చెప్పాలి. మనం చూపులతో ప్రశ్నించకుండా సలాం చెప్పాలి. అది సున్నతును వదిలివేయడం కాదు, అల్లాహ్ తీసుకున్నది.

ఆరాధనల్లో అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాలను రోగికి గుర్తుచేయడం కూడా సేవే. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమని ప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు నేర్పారు. ఖిరాఅత్ స్పష్టంగా పలకలేని నాలుక తనకు సాధ్యమైనంతే పలుకుతుంది. నీరు హాని చేసే చోట తయమ్ముమ్ ఉంది. వివరాలు మీ ఆలిమ్‌ను అడగండి. రమజాన్ మాసంలో చికిత్స పడితే, బఖరా సూరాలోని ఆదేశం ప్రకారం రోగి ఉపవాసాలను తరువాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చు. ఇక కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆచరణల పుణ్యం జబ్బుపడినప్పుడు కూడా వ్రాయబడుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. కన్నీళ్ళతో నమాజు తప్పిందని బాధపడే రోగికి ఈ మాట చెప్పండి.

భార్యకు జబ్బు వచ్చినప్పుడు

ఇప్పుడు పురుషులతో సూటిగా మాట్లాడతాను. భర్తకు ఈ వ్యాధి వస్తే భార్య నగలు అమ్ముతుంది, నిద్ర మానుతుంది, ఆసుపత్రి నేల మీద పడుకుంటుంది. భార్యకు వస్తే? కొందరు ఆమెను పుట్టింటికి పంపుతారు. ‘ఆడవాళ్ళ సేవ ఆడవాళ్ళే చేయాలి’ అంటారు. ఆమె అన్నదమ్ములే ఖర్చు భరించాలని చూస్తారు. మరికొందరు, ఆమె ఇంకా మంచం మీద ఉండగానే, రెండో సంబంధం మాట ఆమె చెవిన పడేలా మాట్లాడుతారు.

సోదరులారా! హిజ్రీ 2వ సంవత్సరం గుర్తుచేసుకోండి. ముస్లింలు బద్ర్‌కు బయలుదేరుతున్నారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) భార్య, ప్రవక్త కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) తీవ్ర వ్యాధితో మంచం మీద ఉన్నారు. ప్రవక్త (స) ఉస్మాన్‌ను యుద్ధానికి తీసుకువెళ్ళలేదు. భార్య దగ్గర ఉండమని ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తికి లభించే పుణ్యమూ, విజయధనంలో వాటా రెండూ ఆయనకు ఉంటాయని ప్రకటించారు. ఇస్లాం చరిత్రలోనే మహోన్నతమైన ఆ దినాన ఒక ధనిక వర్తకుడు, ఒక గొప్ప సహాబీ ఉండవలసిన చోటు భార్య మంచం పక్కన అని స్వయంగా దైవప్రవక్త (స) నిర్ణయించారు. విజయవార్త మదీనాకు చేరేసరికి హజ్రత్ రుఖయ్యా (రజి) కన్నుమూశారు. సేవ ఫలించలేదు కాబట్టి వాటా లేదని ఎవరూ అనలేదు. ప్రతిఫలం సేవకే గాని దాని ఫలితానికి కాదు.

ఇందులో నేటి మనకు ఒక ఆచరణ ఉంది. చికిత్సకు ఇచ్చిన సమయం కొన్నిసార్లు సరిగ్గా జుమా వేళకే పడుతుంది. రోగికి జుమా విధి కాదు. రోగిని ఒంటరిగా విడిచిపెట్టలేని సేవకునికి కూడా అది కారణంగా ధర్మవేత్తలు అంగీకరించారు. ఆయన జుహ్ర్ చేసుకుంటాడు. అలాంటి సోదరుని స్థానం ఇక్కడ ఖాళీగా కనిపిస్తే ఆయనను తప్పుపట్టకండి. నమాజు తరువాత ఆయనకు ఫోన్ చేసి బాగోగులు అడగండి.

ఇంటి పనుల విషయంలోనూ సిగ్గుపడకండి. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో నిమగ్నమై ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. జావ కాచడం, బట్టలు ఉతకడం, పిల్లలకు జడలు వేయడం పురుషుని గౌరవాన్ని తగ్గించవు.

ఎత్తిపొడుపు వద్దు

భార్యలకు కూడా ఒక మనవి. గుట్కా మానమని మీరు ఎన్నిసార్లు చెప్పారో నాకు తెలుసు. ఆయన వినలేదు. ఇప్పుడు ఆ మాట ఎత్తి లాభం లేదు. చేసిన దానధర్మాలను ఎత్తిపొడిచి, మనసు నొప్పించి వ్యర్థం చేసుకోవద్దని అల్లాహ్ బఖరా సూరాలో హెచ్చరించాడు. రాత్రంతా మేల్కొని చేసిన సేవను పగలు ఒక్క మాటతో పోగొట్టుకోకండి. రోగి కూడా నొప్పిలో కోపగించుకుంటాడు, గ్లాసు విసిరేస్తాడు. అది మీ మీద కోపం కాదు, నొప్పి మీది కోపం.

సేవ చేసేవారూ మనుషులే. వారికీ నిద్ర కావాలి, అన్నం కావాలి, ఒక గంట ఏడ్వడానికి చోటు కావాలి. అన్నదమ్ములు, కొడుకులు, కోడళ్ళు వారానికి ఒక రోజైనా ఆ బాధ్యతను పంచుకోవాలి. పరామర్శకు వెళ్ళేవారు కొద్దిసేపు కూర్చుని, దుఆ చేసి లేవాలి. ‘ఫలానా వాడు ఇదే రోగంతో పోయాడు’ అనే మాట ఆ ఇంట్లో ఎత్తకండి.

అల్లాహ్ నన్నూ మిమ్మల్నీ క్షమించు గాక! ఆయననే క్షమాభిక్ష వేడుకోండి.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కే స్తోత్రాలు. ఆయన ప్రవక్తపై సలాతు, సలాం.

సోదరులారా! ఈ రెండవ భాగంలో మొత్తం జమాత్‌కు సంబంధించిన మూడు విషయాలు క్లుప్తంగా చెబుతాను.

మొదటిది ధనసహాయం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం క్యాన్సర్ చికిత్సకూ వర్తిస్తుంది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చికిత్సకు సహాయం దొరికినా, ఆరు వారాలు బస్సు చార్జీలు, గది అద్దె, పోయిన కూలి డబ్బులు పేదవాణ్ణి కుంగదీస్తాయి. చాలామంది మధ్యలో ఆగిపోవడానికి కారణం వ్యాధి కాదు, ఈ ఖర్చులే. అర్హులైన అలాంటి పేదవారికి జకాత్ ఇవ్వవచ్చు. మస్జిద్ కమిటీ కాగితాలు నింపడానికి చదువుకున్న ఒక యువకుణ్ణి తోడు పంపినా అది గొప్ప సేవ. సోదరుని కష్టాన్ని తొలగించినవాని కష్టాన్ని ప్రళయదినాన అల్లాహ్ తొలగిస్తాడని ప్రవక్త (స) వాగ్దానం చేశారు.

రెండవది నివారణ. గుట్కా, ఖైనీ, జర్దా, బీడీ, సిగరెట్ ఈ వ్యాధికి ప్రధాన కారణాలు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ కారకమే. ఉత్తర కోస్తాలో కాల్చే కొనను నోటి లోపల ఉంచుకుని తాగే అడ్డచుట్ట వలన స్త్రీలకు అంగిలిలో క్యాన్సర్ వచ్చేది. మిమ్మల్ని మీరే వినాశనంలో పడవేసుకోవద్దన్నది ఖుర్ఆన్ ఆదేశం. మన జమాత్‌లో పాన్‌డబ్బాలు, కిరాణా దుకాణాలు నడిపే సోదరులు ఉన్నారు. పిల్లవాడి చేతికి ఆ పొట్లం అందించి సంపాదించిన రూపాయితో మీ భార్య నోటిలో పెట్టే ముద్ద గురించి ఒకసారి ఆలోచించండి. మానుకోవాలనుకునేవారికి ప్రభుత్వం ఉచిత ఫోన్ సహాయం ఏర్పాటు చేసింది: 1800-11-2356.

మూడవది, సకాలంలో గుర్తించడం. నోటిలో రెండు మూడు వారాలకు మించి మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ, గడ్డ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. ఈ రోజే ఇంటికి వెళ్ళి, వెలుతురులో ఒకరి నోరు ఒకరు చూడండి. దానికి డబ్బు అక్కర లేదు. అది కూడా దాంపత్య కారుణ్యంలో భాగమే.

ఇప్పుడు దుఆ చేద్దాం.

ఓ అల్లాహ్! మా రోగులకు సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. వారి నోళ్ళలోని మంటను చల్లార్చు, కోల్పోయిన రుచిని తిరిగి ఇవ్వు. ముసుగు కింద ఒంటరిగా ఉన్న వేళ వారికి నీవే తోడుగా ఉండు. ఓ ప్రభూ! తలుపు బయట వేచి ఉన్న భార్యలకు, భర్తలకు సహనం ఇవ్వు, బలం ఇవ్వు, వారు కాచిన ప్రతి గ్లాసు నీటిని నీ వద్ద సత్కార్యంగా వ్రాసుకో. చికిత్స పూర్తయినా నీ వద్దకు చేరుకున్నవారిని క్షమించు. వారికి సేవ చేసినవారిని స్వర్గంలో వారితో కలుపు. వైద్యుల చేతుల్లో, నర్సుల చేతుల్లో శుభం నింపు. మా యువకులను గుట్కా, పొగాకు బారి నుంచి కాపాడు. మా ఇళ్ళల్లో ప్రేమను, ప్రేమ సన్నగిల్లిన రోజున కారుణ్యాన్ని నిలిపి ఉంచు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! న్యాయం, సత్కార్యం, బంధువుల హక్కుల చెల్లింపు మీ విధులు. ఆయనను స్మరించండి, ఆయన మిమ్మల్ని స్మరిస్తాడు. లేవండి, వరుసలు సరిచేసుకోండి.